బొడ్డు లోతు

వీట్స్కె కింగ్మా చిన్నప్పుడు భోజనాల బల్ల అందక టెలిఫోను డైరెక్టరీ మీద కూర్చుని తినేది. ఫ్రీస్‌లాండ్ ఉత్తరపు కొసన, సముద్రపు కరకట్టను ఆనుకుని ఉన్న ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఆ పుస్తకం ఉండేది కానీ, దాన్ని పీటగా వాడుకున్నది మాత్రం వాళ్ళింట్లోనే. ఎవరికైనా ఫోను చెయ్యాలంటే వాళ్ళమ్మ ముందు కూతుర్ని కుర్చీలోంచి దింపాలి. అక్కడివాళ్ళు ఆ పుస్తకాన్ని ఖిట్స్ అంటారు, గొంతులో చేపముల్లు అడ్డంపడ్డట్టు. టీవీలో ఏ రోజు ఏమొస్తుందో చెప్పే వారపత్రికా ఖిట్సే. ఊళ్ళు చూడ్డానికి వచ్చేవాళ్ళు చంకలో పెట్టుకుని తిరిగే పుస్తకమూ ఖిట్సే. నీలం చొక్కా తొడుక్కుని శనివారాలు తోపుల్లో గుడారాలు వేసే స్కౌటు పిల్ల వీట్స్కె వాళ్ళక్క, ఆవిడా ఖిట్సే. ఇక ముందు నడిచి దారి చూపించే మనిషి, అంటే గైడు, సరేసరి. ఇన్ని ఖిట్స్‌ల మధ్య పెరిగిందన్న మాటే గానీ వీట్స్కె పెరిగింది తక్కువ. నూట యాభై సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. ఆడవాళ్ళు కూడా గుమ్మాల్లో తల వంచుకుని నడిచే ఆ ప్రాంతంలో అది దాదాపు అంగవైకల్యం కింద లెక్క.

పద్నాలుగో ఏట తను పీటగా వాడిన పుస్తకాన్నే ఇంటింటికీ పంచే పని దొరికింది. ఏడాదికోసారి కొత్త డైరెక్టరీలు వచ్చేవి. సైకిలుకి రెండు పక్కలా సంచులు వేలాడదీసుకుని, ఎదురుగాలిలో నిలబడి తొక్కుతూ, పొలాల మధ్య ఒంటరిగా ఉండే ఇళ్ళకి కూడా ఇచ్చి వచ్చేది. ఏ ఇంటి కుక్క మొరుగుతుందో, ఏది మొరగకుండా కరుస్తుందో ఆ రెండు మూడేళ్ళలో కంఠతా వచ్చేసింది. దారులు గుర్తుపెట్టుకోవడం ఒక పని అని, అది తనకి చేతనవునని ఆమెకి తెలిసింది అప్పుడే. తర్వాత డొక్కుమ్‌లో ఒక పూలకొట్లో పదేళ్ళకి పైగా పనిచేసింది. పూలమ్మడం ఆమెకి నచ్చలేదు. పూలు కొనేవాళ్ళు అసలు నచ్చలేదు.

ఇరవై తొమ్మిదో ఏట డుర్క్ అనే పెద్దాయన వెంట మొదటిసారి సముద్రం మీద నడిచింది. మీద అంటే మీదే. రోజుకి రెండుసార్లు పాటు వచ్చినప్పుడు అక్కడ సముద్రం వెనక్కి తగ్గి, కనుచూపుమేర బురదనేల బయటపడుతుంది. దారి తెలిసినవాడు ముందుంటే కరకట్ట దిగి ఆమెలాండ్ ద్వీపం దాకా నడిచి వెళ్ళొచ్చు. మధ్యలో పాయలుంటాయి. అవి పాటులో కూడా ఎండవు, పైగా ఉన్నచోట ఉండవు. శీతాకాలం తుఫానులు పోయాక చూస్తే నిరుడు మోకాలి లోతున్న చోట నిలువెత్తు నీళ్ళుంటాయి. ఆ రోజు ద్వీపం ఎక్కి బురద కాళ్ళతో ఇసుకలో కూర్చున్నప్పుడు వీట్స్కెకి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ కరకట్ట ఇవతల ఎందుకు కూర్చున్నానా అని. రెండేళ్ళలో పరీక్ష ప్యాసై, డుర్క్ సంఘంలోనే గైడుగా చేరింది.

డుర్క్ దగ్గర నేర్చుకున్నవాళ్ళందరికీ ఒక అలవాటుంది. బయల్దేరే ముందు వచ్చినవాళ్ళందర్నీ కరకట్ట మీద వరసగా నిలబెడతారు. అందరిలోకీ పొట్టి మనిషిని పట్టుకుని, వాళ్ళ బొడ్డు ఎత్తుకి తమ కర్ర మీద ఎర్ర గుడ్డ పేలిక కడతారు. పాయ దగ్గరికి చేరాక గుంపుని ఒడ్డునే ఆపి గైడు ఒక్కడూ నీళ్ళలోకి దిగి, అన్నిటికంటే లోతైన చోట కర్ర గుచ్చుతాడు. గుడ్డ తడిసిందా, ఇంటికి. తడవకపోతే గైడు అక్కడే నిలబడతాడు, మిగతావాళ్ళు ఒక్కొక్కరే అతని భుజం పట్టుకుని దాటతారు. నీళ్ళు బొడ్డు దాటితే కాళ్ళు నేల మీద ఆనవు, పాయ ఎటు లాగితే అటు పోవడమే. అందుకే లెక్క తలకి కాదు, బొడ్డుకి.

గైడైన రెండో ఏడు వీట్స్కె చేసిన తప్పు ఆ సంఘంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజు వచ్చింది ఒక వాలీబాలు జట్టు. అందరూ తాటిచెట్లే. వీట్స్కె వరసలో నిలబెట్టింది, వాళ్ళలో పొట్టివాడి బొడ్డుకి గుడ్డ కట్టింది. అది దాదాపు ఆమె గుండెల దాకా వచ్చింది. అది చూసి కూడా ఆమెకి ఏమీ తట్టలేదు. వరసని చూసేవాళ్ళు వరసలో ఉండరు కదా! పాయలో దిగి, గుడ్డ తడవలేదు కదా అని ధీమాగా రమ్మని చెయ్యి ఊపింది. మూడోవాడు భుజం మీద చెయ్యి వేసేసరికి ఆమె కాళ్ళు లేచిపోయాయి. వాడు నవ్వుతూ వీపు సంచీ పట్టుకుని పిల్లి కూనని ఎత్తినట్టు ఎత్తి అవతల దించాడు. జట్టు జట్టంతా చప్పట్లు. వెనకనించి వస్తున్న డుర్క్ మాత్రం నవ్వలేదు. ద్వీపంలో హోటలుకి వెళ్ళాక ఆమె కర్ర లాక్కున్నాడు.

"ఇలా వచ్చి తలుపుకి ఆని నిలబడు పిల్లా."

"ఎందుకూ?"

"ఎందుకో తెలీకే కదా ఇందాక తేలావు. నువ్వు మునిగితే వాళ్ళెవర్ని పట్టుకుంటారు? నన్నా? నేను తోకలో ఉన్నా. నిటారుగా నిలబడు, బుడంకాయ్!"

జేబుకత్తి తీసి, ఆమె బొడ్డు ఎత్తుకి కర్ర మీద లోతుగా గాటు పెట్టాడు. అప్పట్నించీ వీట్స్కె ఎవరి బొడ్డుకి గుడ్డ కట్టినా, అది గాటుకంటే పైన పడితే గాటు దగ్గరికి దించేది. గాటంటే తను. ముప్ఫై ఏళ్ళు అలా నడిచింది. డుర్క్ పోయాడు. ఆయన తర్వాత కొత్తవాళ్ళకి నేర్పే పని ఆమె మీద పడింది. తను నేర్పిన పద్దెనిమిది మందిలో ఒక్కరు కూడా మనిషిని పోగొట్టుకోలేదని ఆమెకి గర్వం. ఆ గర్వం దాచుకునే రకమూ కాదు.

అరవై దాటిన గైడులకి ఆ సంఘంలో రెండేళ్ళకోసారి మళ్ళీ పరీక్ష పెడతారు. గుంపుని తీసుకుని ముందు నడవాలి, పరీక్షకుడు తోకలో వస్తాడు. తప్పితే ఇక ముందు నడవకూడదు, ఎప్పటికీ తోకే. వీట్స్కెకి అరవై మూడు. రెండేళ్ళ కిందట కుడి తుంటి ఎముక తీసేసి లోహంది పెట్టారు. వెన్ను కాస్త ముందుకి వాలింది. సంఘంలో కొందరు ఆమె వినేలాగే "ఇక చాల్లే" అంటున్నారు. తోకలో నడిచే పని చులకనని కాదు గానీ, ముప్ఫై ఏళ్ళుగా ఎదర ఖాళీ సముద్రాన్ని చూస్తూ నడిచిన మనిషి ఇప్పుడు ఇరవైమంది వీపులు చూస్తూ నడవాలంటే ఎలా? ఆ ఊహకే ఆమెకి ఒళ్ళు మండేది. ముందు నడవచ్చని ఇచ్చే ఆ చీటీ పోతే నేను పోయినట్టే అని మొగుడితో పైకే అంది. ఆయన గొర్రెల లెక్కలో ఉండి ఊఁ అన్నాడు.

జూన్ రెండో వారంలో పరీక్ష పడింది. పరీక్షకుడు వొబ్బె. ఆమె దగ్గర నేర్చుకున్నవాడే, రెండు మీటర్ల మనిషి, మాట పొదుపు. పొద్దున తొమ్మిదింటికే కరకట్ట మీద రై రొట్టె నములుతూ నిలబడ్డాడు.

"వాయువ్యం నించి గాలి," అన్నాడు.

"తెలుసు. రాత్రే చూశా." వాయువ్యపు గాలికి పాటులో కూడా సముద్రం సరిగ్గా తగ్గదు, పాయల్లో నీళ్ళు నిలిచిపోతాయి. "వెళ్ళి చూద్దాం. కాదంటే తిరిగొస్తాం. నీకేం చెప్పాలి, నేర్పింది నేనే."

వొబ్బె రొట్టె నములుతూనే ఉన్నాడు.

గుంపులో ఇరవై ఇద్దరు. ఉట్రెక్ట్ నించి వచ్చిన మార్నిక్స్ అనే ఆయన దగ్గర ఒక పుస్తకం ఉంది. బురదలో నడిచే దారుల గురించి ఎవరో రాసింది. అది చదివి వచ్చాడు కనక అందరికీ చెబుతున్నాడు.

"నా ఖిట్స్‌లో ఈ పాయ తొడల లోతు అని ఉందండీ. అంతకంటే ఉండదు."

"ఎప్పుడు రాశారు అది?" అంది వీట్స్కె.

"నాలుగేళ్ళయింది."

"అయితే పాయకి కూడా ఒకటి కొనిపెట్టండి. తనెక్కడుండాలో చదువుకుంటుంది."

వరస నిలబెట్టింది. ఒక చివర నించి రెండో చివరకి నడుస్తూ పోయి, దక్షిణాన మాస్ట్రిహ్ట్ నించి వచ్చిన ఒకావిడ దగ్గర ఆగింది. పేరు ట్రూస్. యాభై ఎనిమిదేళ్ళు ఉంటాయి. ముక్కు మీద కోపం. వీట్స్కె కర్ర పక్కన పెట్టి బొడ్డు దగ్గర గుడ్డ కట్టబోతుంటే కళ్ళెర్రజేసింది.

"నేనేమన్నా కొలబద్దనా?"

"మీరే అందరికంటే పొట్టి. మీరు దాటగలిగితే అందరూ దాటతారు."

"ముప్ఫై ఏళ్ళు రేవులో క్రేను నడిపానమ్మా, నలభై మీటర్ల ఎత్తున కూర్చుని. ఒక్కడు కూడా నీ ఎత్తెంతని అడగలేదు."

"అక్కడ నీళ్ళు కిందుంటాయి. ఇక్కడ మీ చుట్టూ ఉంటాయి. ఊపిరి బిగబట్టకండి, బొడ్డు కదులుతోంది."

వరసలో నవ్వులు. ట్రూస్ కూడా చివరికి నవ్వింది. గుడ్డ కట్టాక వీట్స్కె చూసుకుంది. డుర్క్ పెట్టిన గాటుకి ఒక వేలు కిందపడింది గుడ్డ. అంటే ట్రూస్ తనకంటే పొట్టి. ఇక దించక్కర్లేదు. కర్ర భుజాన వేసుకుని కరకట్ట దిగింది. తోకలో వొబ్బె ఆ ఇద్దరు ఆడవాళ్ళనీ ఒకసారి చూసి, చేతికి అంటిన రొట్టెపొడి దులుపుకున్నాడు.

గంటన్నర నడక. మొదటి అరగంట బురద పిక్కల దాకా పట్టుకుంటుంది. ఇద్దరు ముగ్గురికి తలప్రాణం తోకకొచ్చింది. ఆ తర్వాత గట్టి ఇసుక. వీట్స్కె లోహపు తుంటి చక్కగానే నడిచింది. గాలి మొహానికి కొడుతోంది. నేల మీద నత్తగుల్లలూ, పురుగులు తవ్విన ఇసుక చుట్టలూ. వెనక మాటలు వినిపిస్తూ ఎదర ఎవరూ లేకుండా నడుస్తుంటే, ఇదెవరూ నా దగ్గరనించి లాక్కోకూడదు అనుకుంది. సరిగ్గా పాటు అడుగంటే వేళకి, పదకొండుకి, పాయ ఒడ్డున ఉన్నారు. అవతలి ఒడ్డు తర్వాత అంతా ఎత్తైన ఇసుకే. ఆమెలాండ్ దీపస్తంభం ఎర్రచారలతో సహా కనిపిస్తోంది.

"ఇక్కడ ఆగండి," అని చెప్పి నీళ్ళలోకి దిగింది.

పాయ వెడల్పు నలభై అడుగులు ఉంటుందేమో. మోకాళ్ళు, తొడలు, నడుం. చలికి ఊపిరి ఎగదన్నింది. నడిమధ్యలో అన్నిటికంటే లోతైన చోటు కాళ్ళతో వెతుక్కుని కర్ర గుచ్చింది. నీళ్ళు గుడ్డకి ఒక వేలు కింద ఆగాయి. పొడిగా ఉంది గుడ్డ. గుండె కుదుటపడి, వెనక్కి తిరిగి రమ్మని చెయ్యెత్తబోయింది.

కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి.

తన ఒంటి కేసి చూసుకుంది. నీళ్ళు ఆమె బొడ్డుకి ఒక వేలు పైనున్నాయి. గుంటలో అడుగేశానేమో అనుకుని పక్కకి జరిగింది. అంతే. ఇటు జరిగింది. అంతే. కర్ర పీకి మళ్ళీ గుచ్చింది. గుడ్డ పొడిగానే ఉంది, బొడ్డు నీళ్ళలోనే ఉంది. కర్ర మీద గాటు కేసి చూసింది. ముప్ఫై ఏళ్ళుగా ‘ఇదే నేను’ అనుకుంటూ వచ్చిన ఆ గాటు గుడ్డకి ఒక వేలు పైన, తనకి మూడు వేళ్ళ పైన ఉంది. కర్ర ఎక్కడికీ పోలేదు. తనే తగ్గింది. ఏళ్ళకేళ్ళుగా తగ్గుతూ వచ్చింది, తుంటి కోసినప్పుడు ఇంకాస్త. వరసలో అందర్నీ నిలబెట్టి కొలిచి, తనకి మాత్రం పాత గాటు చాలనుకుంది.

భయమేసింది, నీళ్ళకి కాదు. ఒడ్డు మీద ఉన్నవాళ్ళకి ఇదేమీ కనబడదు. వాళ్ళకి కనిపించేది ఎర్ర గుడ్డ, అది పొడిగా ఉంది. ట్రూస్ దాటుతుంది, ఆ గుడ్డ ఆవిడదే. దాటేవాళ్ళు క్షణంలో దాటేస్తారు. తనే కదా ఇక్కడ పావుగంట నిలబడాల్సింది. నిలబడగలదేమో కూడా. ఒక వేలే కదా. అవతలికి చేరితే చీటీ చేతిలో ఉంటుంది, రెండేళ్ళ దాకా ఎవరూ అడగరు. ఇవన్నీ అక్కడ నిలబడే ఆలోచించింది. అంతలో పాయ ఎడమ కాలిని కొంచెం లాగింది. కొంచెమే. ఇరవై ఇద్దరు ఈ భుజాన్ని పట్టుకుంటారు.

వెనక్కి వచ్చి ఒడ్డెక్కింది.

"తిరిగి వెళ్తున్నాం."

అందరూ ఒకేసారి మాట్లాడారు. అందరికంటే పైకి వినిపించింది మార్నిక్స్ గొంతే.

"గుడ్డ తడవలేదండీ! ఇక్కణ్ణించి చూస్తూనే ఉన్నాం!"

"తడవలేదు."

"మరి? ఈవిడ కోసమా? ఈవిణ్ణి నేను భుజాలమీద ఎక్కించుకుంటాను."

"ఏయ్, నన్నెవరూ ఎక్కించుకోనక్కర్లేదు!" అని ట్రూస్ గయ్‌మంది. తర్వాత వీట్స్కె కేసి తిరిగి, "నా వల్లేనా? నా వల్లయితే చెప్పండి, నేను ఈది పోతాను," అంది. ఇంతమంది తన పొట్టితనం వల్ల వెనక్కి పోవడం ఆవిడకి కొరుకుడుపడలేదు.

అక్కడ అబద్ధం చాలా సులువు. గాలి ఎక్కువైంది అంటే చాలు, ఎవరూ కాదనలేరు. వీట్స్కె ట్రూస్ కేసి తిరిగింది.

"మీ వల్ల కాదు. నా వల్ల. పొద్దున తప్పు కొలిచా. ఇక్కడ అందరికంటే పొట్టి నేను. నన్ను నేను లెక్కపెట్టుకోలేదు. నాకు బొడ్డు దాటింది, నేను నిలబడలేను. నేను నిలబడలేకపోతే మీరు పట్టుకోడానికి ఏమీ ఉండదు."

"అయితే మిమ్మల్నే ఎక్కించుకుంటాను," అన్నాడు మార్నిక్స్. వేళాకోళం కాదు, పాపం నిజంగానే అన్నాడు. "లేదా ఆ పొడుగాయన ముందు నడుస్తాడు."

అందరూ తోకలో ఉన్న వొబ్బె కేసి చూశారు. వీట్స్కె చూడలేదు.

"ఇవాళ ముందున్నది ఆమె," అన్నాడు వొబ్బె. "ఆమె తిరగమంటే తిరగడమే. నేను తోకని."

తిరుగు ప్రయాణంలో వెనక మాటల్లేవు. దీపస్తంభం వీపు వెనక ఉంది, దాన్ని చూడ్డానికి ఎవరూ మెడ తిప్పలేదు. సగం దారిలో ట్రూస్ వచ్చి పక్కన నడవడం మొదలెట్టింది.

"ఎంత తగ్గారు?"

"మూడు వేళ్ళు."

"నేనింకా తగ్గలేదు."

"తగ్గుతారు."

"ఏం మనిషండీ మీరు," అని ట్రూస్ పెద్దగా నవ్వింది. అక్కణ్ణించి కరకట్ట దాకా క్రేను కబుర్లు చెబుతూనే ఉంది.

కాళ్ళు కడుక్కుని అందరూ వెళ్ళిపోయాక, కరకట్ట కింద కర్రలు పెట్టుకునే పాకలో వొబ్బె ఫ్లాస్కులోంచి రెండు కప్పుల కాఫీ పోశాడు. వెన్న రాసిన చక్కెర రొట్టె ముక్క ఆమె ముందు పెట్టాడు. కాగితం మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలెట్టాడు. వీట్స్కె రొట్టె ముట్టుకోలేదు.

"రాసెయ్యి," అంది. "తప్పు కొలత అని రాయి. నాకేం కష్టం లేదు." చాలా కష్టంగా ఉంది. కళ్ళు తుడుచుకుంది కూడా, గాలి లేని పాకలో.

"పొద్దున నువ్వు గుడ్డ కట్టి లేచి నించున్నా ఆవిడ నీ నెత్తి మీంచి సముద్రం చూస్తోంది," అన్నాడు వొబ్బె.

వీట్స్కె కాఫీ కప్పు పక్కకి తోసింది.

"అప్పుడే తెలుసా నీకు? తెలిసీ నోరెత్తలేదా?"

"పరీక్షలో నోరెత్తకూడదు. నువ్వే నేర్పావు."

"నేను రమ్మని చెయ్యూపి ఉంటే?"

"ఆపేసేవాణ్ణి. ఆపి, ఇక్కడ వేరే మాట రాసేవాణ్ణి."

కాగితం ఆమె వేపు తిప్పాడు. ముందు నడవచ్చు, అని రాసి ఉంది. కింద రెండో వరసలో, కొత్త గాటు పెట్టుకోవాలి, అని.

"నించో," అన్నాడు వొబ్బె.

పాక గుంజకి ఆని నించుంది. ఆ పొడుగు మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, జేబుకత్తితో కర్ర మీద డుర్క్ పెట్టిన గాటుకి మూడు వేళ్ళ కింద ఇంకో గాటు పెట్టాడు. చెక్కపొట్టు ఆమె కాలి మీద రాలింది. ఆమెకి అప్పటికే లెక్క తెలిసిపోయింది. మూడు వేళ్ళు తక్కువైతే, తూర్పు గాలి వీచి పాటు బాగా లాగిన రోజుల్లో తప్ప ఆ పాయ తనకి లేనట్టే. చీటీ ఉంది, ద్వీపమే దూరమైంది.

"ఏడాదికి నాలుగైదు రోజులు," అంది.

"అంతే ఉంటుంది," అన్నాడు వొబ్బె. ఓదార్చలేదు. మిగతా రోజుల్లో పాయ దాకా తీసుకెళ్ళి తిరిగి తీసుకొచ్చే చిన్న నడకలున్నాయి, అవి ఎవరూ అడగరు, నువ్వడిగితే ఇస్తారు, అన్నాడు. ఆమె రొట్టె తిని, చేతులు దులుపుకుని, అడుగుతానంది.

ఆ వేసవి, శరత్తు కలిపి వీట్స్కె గుంపుల్ని ముప్ఫై ఒక్కసార్లు ముందుండి నడిపింది. ద్వీపం చేరింది నాలుగుసార్లు. నాలుగోసారి సెప్టెంబరు చివర్లో, తూర్పు గాలి రోజున. ఆ గుంపులో ట్రూస్ ఉంది. మాస్ట్రిహ్ట్ నించి రైల్లో అంత దూరం, వీపు సంచీలో ఒక బరువు మోసుకొచ్చింది. కరకట్ట మీద అందరూ వరసగా నిలబడ్డాక, సంచీ విప్పి ఒక లావుపాటి పుస్తకం తీసి వీట్స్కె కాళ్ళ ముందు పెట్టింది. ఎప్పటిదో పాత టెలిఫోను డైరెక్టరీ. అంచులు పచ్చబడ్డాయి. ఇప్పుడవి అచ్చెయ్యడమే మానేశారు.

"మా అమ్మ అటకమీద దొరికింది. సరిగ్గా మూడు వేళ్ళ మందం, కొలిచా. ఎక్కండి."

వరసంతా గొల్లుమంది. వీట్స్కె కళ్ళమ్మట నీళ్ళొచ్చేంత నవ్వింది. అట్ట మీద ఖిట్స్ అన్న ఆ పేరుని వంగి చూసింది. బల్ల, వాళ్ళమ్మ, కుర్చీలోంచి తనని దించి ఫోను చేసుకోవడం గుర్తొచ్చాయి. దాని మీద కూర్చునే కదా పెద్దవాళ్ళ బల్లకి అందింది. ట్రూస్‌కి అదేమీ తెలియదు, ఆమె చెప్పనూ లేదు.

పుస్తకాన్ని తీసి కరకట్ట మీదున్న కూర్చునే బల్ల మీద పెట్టింది. కర్ర ట్రూస్ చేతికిచ్చి, ఎర్ర గుడ్డ ఇచ్చి, వరసలో చిట్టచివర, ట్రూస్ పక్కన, కరకట్ట తారు మీద కాళ్ళు ఆనించి నిలబడింది.

ట్రూస్ ఆమె బొడ్డు పక్కన కర్ర ఆనించింది. గుడ్డ రెండు చుట్లు చుట్టి, గొంతు తగ్గించి అడిగింది.

"కొంచెం పైకి కట్టనా? ఒక్క వేలు?"

"ఎక్కడుందో అక్కడే కట్టండి."